నలభై ఒకటో వాయి

ఓదెమ్మ నోట్లో నువ్వుగింజ నానదని పైపులైను కాలనీలో అందరికీ తెలుసు. ఎవరింట్లో ఏ కూర మాడిందో మధ్యాహ్నానికల్లా ఆరు వందల గడపలకూ చేరవేయగల మనిషి. అలాంటి ఓదెమ్మ ఐదు నెలలపాటు ఒక్క మాటను కడుపులో దాచుకుందంటే, ఆ మాట ఎంత బరువుదో మీరే ఊహించుకోండి.

కాలనీ వెనకాల గోదావరి వైపు పోతే తొమ్మిది వందల ఎకరాల బూడిద చెరువు వస్తుంది. కరెంటు ఫ్యాక్టరీలో మండిన బొగ్గు తాలూకు బూడిదంతా నీళ్లలో కలిసి పైపుల గుండా వచ్చి అక్కడే పడుతుంది. ఓదెమ్మ భర్త రాజలింగు ఆ పైపుల మీదే ఇరవై రెండేళ్లు పనిచేశాడు. పైపు ఎక్కడ కారితే అక్కడ చేతులు పెట్టి మూశాడు, ఆ బూడిదే పీల్చాడు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే చాలు, అతని ఛాతీ కొలిమి తిత్తిలా ఎగిసిపడుతుంది. దానికి తోడు ఎండలు. యాభై డిగ్రీలు దాటడం పత్రికలవాళ్లకు కూడా వార్త కాకుండా పోయిన కాలం అది. కాలనీ ఇళ్లన్నీ రేకుల కప్పులే. మధ్యాహ్నం ఆ రేకుల కింద పడుకోవడం కన్నా పెనం మీద పడుకోవడం నయం.

చెరువు గట్టు మీదున్న పరిశోధన కేంద్రంలో ఓదెమ్మది కాంట్రాక్టు పని. బూడిద జల్లెడ పట్టడం, బంకమట్టి కలిపి పిసకడం, అచ్చుల్లో పెంకులు తీయడం, బట్టీలో పేర్చడం. ఒక్కసారి బట్టీ కాల్చితే వచ్చే పెంకుల్ని ఆమె మురుకుల లెక్కన వాయి అనేది. ఆమె అనగా అనగా అక్కడి పెద్ద సైంటిస్టు డాక్టర్ కాత్యాయని కూడా తన నోటుపుస్తకంలో వాయి అనే రాసుకోవడం మొదలుపెట్టింది. ఓదెమ్మకు అదొక గొప్ప.

నలభై వాయిల దాకా వచ్చినవి మామూలు పెంకులే. నలభై ఒకటోది దింపిన రోజు కాత్యాయని ఒక పెంకును వెలుగుతున్న స్టవ్ మీద పెట్టి, దానిపైన అరచేయి ఆనించింది. ఓదెమ్మ పరుగున వచ్చింది.

"చెయ్యి కాల్తది మేడం."

"కాలడం లేదు. నువ్వూ పెట్టి చూడు."

చల్లగా ఉంది. పెంకును బోర్లించి దాని మీద గిన్నెడు నీళ్లు పెడితే రెండు నిమిషాల్లో బుడగలు వచ్చాయి. వేడిని ఒక వైపు నుంచే పోనిచ్చే పెంకు అది. రెండో వైపు నుంచి రానివ్వదు. ఇంటి మీద సరైన వైపు పరిస్తే లోపలి వేడి పైకి పోతుంది, ఎండ వేడి కిందికి దిగదు. కాత్యాయని ఆ రోజు అన్నం తినడం మరిచిపోయింది.

వాయిలో వచ్చిన నూట ఎనభై పెంకులూ ఒక గదికి సరిపోయాయి. కేంద్రానికి దగ్గరి ఇల్లు గనక ఓదెమ్మ గది మీదే రేకులు తీసి వాటిని పరిచారు. ఆ మర్నాడు రాజలింగు మధ్యాహ్నం పూట గురక పెట్టి నిద్రపోయాడు. నాలుగేళ్లలో అదే మొదటిసారి. గురక వింటూ ఓదెమ్మ గుమ్మంలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.

ఆ గది సంగతి కాలనీకి చెప్పనక్కర్లేదు కదా. ఫిబ్రవరి ఎండలు మొదలవగానే పన్నెండింటికల్లా పసిపిల్లల తల్లులు, ముసలివాళ్లు ఓదెమ్మ ఇంట్లో చేరేవారు. మూడో వరుసలో ఉండే సాయిలు, అతని భార్య లస్మవ్వ అందరికంటే ముందు వచ్చేవారు. సాయిలు, రాజలింగు నేల మీద సుద్దతో గీతలు గీసి పులిమేక ఆడేవారు. లస్మవ్వ ఓదెమ్మకు చిన్ననాటి నుంచి స్నేహితురాలు. ఒకే ఊరి ఆడపడుచులు.

అంతా బాగానే ఉంది గానీ, నలభై రెండో వాయి చెడిపోయింది. నలభై మూడూ అంతే. ఐదు నెలల్లో అరవై మూడో వాయి దాకా కాల్చారు. ఒక్క పెంకు కూడా చలువ ఇవ్వలేదు.

కాత్యాయని చేయని ప్రయత్నం లేదు. బూడిద ఏ గొట్టం నుంచి వచ్చిందో చూసింది. ఆ రోజు గాలిలో తేమ ఎంతో తీసింది. నీళ్లు మార్చింది, బొగ్గు మార్చింది, మంట పెంచింది, తగ్గించింది. మనిషి చిక్కి సగమైపోయింది. చివరికి హైదరాబాదు నుంచి డైరెక్టర్ చక్రపాణి ఉత్తరం రాశాడు. మార్చి నెలాఖరుకు ఫలితం చూపకపోతే కేంద్రం మూసేస్తాం, ఈలోగా ఓదెమ్మ ఇంటి మీది పెంకులన్నీ విప్పి ఢిల్లీ ప్రయోగశాలకు పంపండి అని.

కాత్యాయని నిచ్చెన మోయించుకుని తానే వచ్చింది. లోపలికి తొంగి చూసింది. పదడుగుల గదిలో ఇరవై ముగ్గురున్నారు. ఒక పసిబిడ్డ తడిగుడ్డ మీద ఆదమరిచి నిద్రపోతోంది. రాజలింగు లేవబోతే వద్దని చేత్తో వారించి, నిచ్చెన తిప్పుకుని వెళ్లిపోయింది. ఒక్క పెంకు కూడా తీయలేదు.

ఆ సాయంత్రం ఓదెమ్మ అన్నం పళ్లెం పక్కకు జరిపింది.

"ఏందే, గట్ల ఉన్నవ్?" అన్నాడు రాజలింగు.

"ఒక తప్పు చేసిన. చెప్తే నౌకరి పోతది."

"చెప్పకపోతే?"

ఓదెమ్మ కప్పు వైపు చూసింది. రాజలింగు కూడా చూశాడు.

బట్టీలో రాసిపెట్టినవి తప్ప పూచికపుల్ల కూడా వేయకూడదని కేంద్రంలో కట్టుబాటు. అంతకు ముందు ఏడు ఒకతను బట్టీ నోట్లో మక్కకంకి కాల్చుకు తిన్నాడని అదే రోజు ఇంటికి పంపారు. అందుకే ఓదెమ్మ మర్నాడు పొద్దున్నే కాత్యాయని బల్ల ముందు నిలబడి, తన గుర్తింపు కార్డు మెడలోంచి తీసి ముందుగా బల్ల మీద పెట్టింది.

"నలభై ఒకటో వాయి కాలేటప్పుడు నేను బట్టీల ఉప్పేసిన మేడం."

కాత్యాయని తల ఎత్తింది. "ఉప్పా? ఎందుకు?"

"ఆనాడు పట్నం నుంచి పెద్దాఫీసర్లు వచ్చిండ్రు గదా. పచ్చి పెంకులు చూసి ఎంత ముద్దుగున్నయ్, ఎంత ముద్దుగున్నయ్ అని ఒకటే పొగుడుడు. నరుని కంటికి నల్లరాయైనా పలుగుతది. నాకు పానం ఆగలే. వాళ్లు పోయినంక దోసెడు ఉప్పు తీసుకొని దిష్టి తీసి, బట్టీ కంతల నుంచి మంటలకు ఇసిరేసిన."

"మరి తర్వాతి వాయిల్లో ఎందుకు వేయలేదు?"

"వాటిని ఎవ్వలూ పొగడలే గదా మేడం."

కాత్యాయని మొహం చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందేమోనని ఓదెమ్మ కంగారుపడింది. తీరా చూస్తే నవ్వుతోంది, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వుతోంది. ఐదు నెలల్లో ఆ పిల్ల నవ్వడం ఓదెమ్మ చూడలేదు.

నవ్వు ఆగాక నోటుపుస్తకం తెరిచింది. "కూర్చోండి. ఏ ఉప్పు?"

కాత్యాయని తనను మీరు అనడం అదే మొదటిసారని ఓదెమ్మ గమనించింది. కుర్చీ అంచున కూర్చుంది.

"దొడ్డుప్పు. ఇంట్లదే."

"ఎంత?"

"దోసెడు."

"ఎన్నిసార్లు తిప్పారు?"

"మూడు. కుడి నుంచి మూడు, ఎడమ నుంచి మూడు."

"ఏమన్నారు?"

"అది గూడ రాస్తరా?"

"అన్నీ రాస్తాను. ఇప్పటిదాకా రాయనిదే కదా తప్పిపోయింది."

అరవై నాలుగో వాయిలో కాత్యాయని తానే ఉప్పు వేసింది. ప్యాకెట్టు ఉప్పు తూచి, గడియారం చూసి మరీ వేసింది. సగం పెంకులు బీటలు వారాయి, మిగతావి చలువ ఇవ్వలేదు. చూసి చూసి ఓదెమ్మ నోరు విప్పింది.

"మెత్తుప్పు కంతలనే కాలిపోయింది మేడం. పెంకుల దాకా పోలే. ఇంకోటి, మీరు తొందరపడ్డరు. మంట ఇంకా పసుపచ్చగనే ఉండె. తెల్లజొన్న పేలాల లెక్క తిరిగినంక వెయ్యాలె."

అరవై ఐదో వాయికి కాత్యాయని పక్కకు తప్పుకుంది. ఓదెమ్మ కంత దగ్గర ఒక కన్ను మూసి నిలబడింది. చెమట గడ్డం మీంచి కారుతున్నా కదల్లేదు. మంట రంగు తిరిగిన క్షణాన దోసెడు దొడ్డుప్పు విసిరింది. లోపల పటపటమని చిటపటలాడి, కంతలోంచి తెల్లటి పొగ ఎగజిమ్మింది. రెండు రోజులు చల్లారాక పెంకులు దింపితే ఒక్కొక్కదాని మీద పలచటి మెరుపు, నెయ్యి రాసినట్టుగా. ఉప్పులోని ఒక భాగం బూడిదతో కలిసి పెంకు పైపొరను మార్చేస్తోందని కాత్యాయని చెప్పింది. స్టవ్ మీద పెట్టి ఇద్దరూ ఒకేసారి చేతులు ఆనించారు. నూట ఎనభైకి నూట ఎనభై చలువ పెంకులే. వాటన్నిటినీ ఢిల్లీ ప్రయోగశాలకు పంపేశారు.

కాత్యాయని పంపిన పత్రంలో పరిశోధకుల పేర్లు రెండున్నాయి. రెండోది ఓదెమ్మది. ఆమె చదువు ఏమిటని హైదరాబాదు నుంచి అడిగితే, మంట చదవడం అని కాత్యాయని జవాబు రాసింది. ఆ కాగితం నకలును రాజలింగు దేవుడి పటం పక్కన గోడకు అంటించాడు. వచ్చిన వాళ్లందరికీ చదివి వినిపించేవాడు, దగ్గు ఆపుకుంటూ.

ఇక చూడండి, మూసేస్తామన్న వాళ్లే పరుగులు పెట్టారు. డైరెక్టర్ చక్రపాణి స్వయంగా దిగి, గట్టు కింద ఖాళీగా ఉన్న ఆరు ఇటుక బట్టీలను తీసుకున్నాడు. కాలనీ ఆడవాళ్లను నలభై మందిని పనిలో పెట్టాడు. మే నెల రాకముందే ఆరు వందల ఇళ్లూ కప్పాలని పంతం పట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఎండలో తిరిగి తిరిగి అతని ముక్కు మీద చర్మం ఊడిపోయింది. ఏ ఇంటికి ముందో చీటీలు తీస్తే మొదటి చీటీ సాయిలుది. లస్మవ్వ ఆ రోజు వీధంతా బెల్లం పంచింది.

ఏప్రిల్ మూడో తారీఖున, పని నేర్చుకోవడానికని బట్టీకి నాలుగేసి పెంకులే పేర్చి, ఆరు బట్టీలూ ఒకేసారి కాల్చి చూశారు. ఓదెమ్మ చెయ్యి ఊపగానే ఆరుచోట్లా ఉప్పు పడింది. తెల్లటి పొగ లేచింది. ఒక్క బట్టీ పొగ గాలికి చెదిరిపోయేది గానీ, ఆరు బట్టీల పొగ చెదరలేదు. గట్టు మీంచి జారి, మంచులా నేలబారుగా కాలనీలోకి నడిచింది. పిల్లలు కళ్లు నులుముకుంటూ ఏడ్చారు. రాజలింగు ఆ రాత్రంతా కూర్చునే ఉన్నాడు, పడుకుంటే ఊపిరాడక. వారం తిరిగేసరికి కాలనీలో బట్టలారేసే తీగలన్నీ తుప్పుపట్టి చీరల మీద మరకలు పెట్టాయి.

"పొమ్మనలేక పొగ పెట్టుడంటే విన్న గని," అన్నాడు రాజలింగు, ఆయాసం మధ్య, "మనోళ్లే మనకు పెడ్తరనుకోలే."

ఓదెమ్మ గొంతు కూడా బొంగురుపోయింది. కాత్యాయనిని అడిగింది. ఆమె దాచలేదు.

"ఉప్పులో సగం పెంకుకు అంటుకుంటుంది. మిగతా సగం ఆవిరితో కలిసి యాసిడ్ పొగై బయటికి వస్తుంది. ఒక్క బట్టీదైనా విషమే, కంటికి కనబడకుండా చెదిరేది. ఒక్క బట్టీ కదా అని నేను పట్టించుకోలేదు. తప్పు నాదే."

"ఆపలేమా?"

"కడగొచ్చు. బూడిద నీళ్లలో సున్నం గుణం ఉంది, అది యాసిడ్‌ను చంపేస్తుంది. పొగను ఆ నీళ్లలోంచి పోనివ్వాలి. కానీ ఆరు బట్టీలకూ పీపాలు, గొట్టాలు అమర్చాలంటే నలభై రోజులు పడుతుంది."

నలభై రోజులంటే ఎండాకాలం నడినెత్తి మీదికి వస్తుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఓదెమ్మ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం చూసి కాలనీ భయపడింది.

నాలుగో రోజు బట్టీలు మళ్లీ ఎర్రబడ్డాయి. ఆడవాళ్లు ఉప్పు డబ్బాలతో నిలబడ్డారు. మంట తెల్లబడింది. ఓదెమ్మ చెయ్యి ఊపలేదు.

"ఓదెమ్మా, సమయం దాటిపోతోంది," అన్నాడు చక్రపాణి.

"పొగకు పీపాలు కట్టేదాంక నేను వెయ్య సారూ."

"ఆలోచించి మాట్లాడు. ఒక్క నెల ఈ పొగను భరిస్తే అందరి ఇళ్లూ చల్లబడతాయి. ఆగితే ఈ ఎండకు మనుషులు పోతారు. అది నీకు సమ్మతమేనా?"

అతను చెప్పేది అబద్ధం కాదని ఓదెమ్మకు తెలుసు. అదే ఆమెను మూడు రోజులుగా కోస్తున్నది.

"బూడిద ముచ్చట గూడ మొదట్ల గిట్లనే చెప్పిండ్రు సారూ. కొన్ని దినాలు ఓర్చుకోండ్రి, అంత మంచిగైతదన్నరు. నా పెనిమిటి ఇరవై రెండేండ్లు ఓర్చుకున్నడు. ఇప్పుడు ఓర్చుకునేటందుకు ఆయనకు ఊపిరి లేదు. ఈ ఉప్పు నేను కనిపెట్టిందని కాయితంల రాసుకున్నరు. నా చేతులతోని నా వాడకు పొగ పెట్ట."

చక్రపాణి మిగతా ఆడవాళ్ల వైపు తిరిగాడు. "ఎవరైనా వేయండి."

నలభై మందిలో ఒక్కరూ కదల్లేదు. అందులో లస్మవ్వ కూడా ఉంది. మొదటి చీటీ ఆమె ఇంటిదే. ఆమె ఓదెమ్మ మొహం చూసింది, తన చేతిలోని డబ్బా చూసుకుంది, మెల్లగా నేల మీద పెట్టేసింది. తర్వాత ఒక్కొక్క డబ్బా నేల మీదికి దిగింది. కాత్యాయని వచ్చి ఓదెమ్మ పక్కన నిలబడింది. ఆ వాయి అలాగే ఆరిపోయింది. ఓదెమ్మ ఛాతీ ఆ వేళ పొంగినట్టు పెళ్లినాడు కూడా పొంగలేదు.

పీపాల పని మొదలైంది. నలభై మంది నూట ఇరవై మంది పని చేశారు. చెరువు నుంచి బూడిద నీళ్లు కడవలతో మోశారు. ఆ నీళ్లకు అరచేతులు సున్నం అంటినట్టు పొక్కిపోతే, గుడ్డలు చుట్టుకుని మోశారు. చక్రపాణి మొదట రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు నుంచి గొట్టాల కోసం తానే ఊళ్లు తిరిగాడు.

ఇరవై తొమ్మిదో రోజున ఎండ యాభై రెండుకు పోయింది. ఆ మధ్యాహ్నం ఓదెమ్మ గదిలో కాలు పెట్టే చోటు లేదు. నెలలు నిండిన ఒక పిల్ల గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, సాయిలు పులిమేక ఆట సగంలో వదిలి లేచాడు. "కూసో బిడ్డా. నేను ఇంట్ల ఇంత కునుకు తీస్త," అని వెళ్లిపోయాడు. సాయంత్రం లస్మవ్వ పని నుంచి ఇంటికి వెళ్లి చూసేసరికి రేకుల కింద చాప మీద ప్రాణం పోయి ఉంది. వడదెబ్బ.

ఓదెమ్మ పరుగున వెళ్లింది. లస్మవ్వ ఆమెను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మొహం అటు తిప్పుకుంది, అంతే. ఆ తర్వాత పనికి వచ్చింది, కడవలు మోసింది, ఓదెమ్మతో మాత్రం మాట్లాడలేదు. కాలనీలో కొందరు బాహాటంగానే అన్నారు, ఓదెమ్మ ఆనాడు చెయ్యి ఊపి ఉంటే సాయిలు బతికేవాడని. ఆ మాట ఓదెమ్మ తనకు తానే రోజుకు వందసార్లు చెప్పుకుంటోంది.

"నేను తప్పు చేసిన్నా?" అని రాజలింగును అడిగింది.

రాజలింగు పులిమేక గీతల్ని చూస్తూ కూర్చున్నాడు. "సాయిలు పోయిండు. నా జోడుగాడు పోయిండు. అది మాత్రం నిజం. నువ్వు వేసి ఉంటే ఎంతమంది నా లెక్క అయితుండ్రో, అదీ నిజమే. రెండూ మోసుడే ఓదెమ్మా. నేనూ ఒక చెయ్యి వేస్త."

నలభై ఒకటో రోజున ఆరు బట్టీల పొగగొట్టాలూ పీపాల్లోకి తిరిగాయి. మంట జొన్నపేలాల రంగుకు వచ్చింది. ఓదెమ్మ చెయ్యి ఊపింది. ఉప్పు చిటపటలాడింది. పీపాల్లో బూడిద నీళ్లు గుబగుబమని పొంగాయి. చివరి గొట్టం దగ్గర కాత్యాయని మీటరు పట్టుకుని నిలబడితే, ఓదెమ్మ మీటరును నమ్మక తన మొహమే గొట్టానికి అడ్డం పెట్టింది. ఆమె వెనకే చేతికర్ర పొడుచుకుంటూ రాజలింగు వచ్చాడు. ఎవరు వద్దన్నా వినకుండా గొట్టం ముందు వంగి, గుండెల నిండా పీల్చాడు. అతనికి దగ్గు రాలేదు.

"తడి మట్టి వాసన," అన్నాడు. "గంతే."

చక్రపాణి టోపీ తీసి ఓదెమ్మకు దండం పెట్టాడు. నలభై మంది ఆడవాళ్లూ ఒకళ్ల మెడల మీద ఒకళ్లు పడి నవ్వారు, ఏడ్చారు. ప్రపంచంలో ఎక్కడా లేని పెంకును, ప్రపంచంలో ఎవరికీ పనికిరాని బూడిద నుంచి, ఎవరి రొమ్మునూ కాల్చకుండా తీసిన చేతులు అవి. పొక్కిన ఆ చేతుల్ని వాళ్లు ఒకరికొకరు చూపించుకున్నారు.

మొదటి పెంకులు చీటీ ప్రకారం లస్మవ్వ ఇంటికే వెళ్లాయి. పరిచే పని పూర్తయిన మధ్యాహ్నం ఓదెమ్మ ఆ గుమ్మం ముందు నిలబడిపోయింది. లోపలికి అడుగు వేయడానికి ధైర్యం చాలలేదు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల లస్మవ్వ ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎండల నిలబడ్డవెందుకే? లోపటికి రా," అంది లస్మవ్వ. పదిహేను రోజుల తర్వాత ఆమె ఓదెమ్మతో అన్న మొదటి మాట అదే.

ఓదెమ్మ లోపలికి వచ్చింది. గది చల్లగా ఉంది. లస్మవ్వ పక్కన కూర్చుంది.

"లస్మీ, ఆనాడు నేను..."

"డబ్బ నేను గూడ కింద పెట్టిన," అంది లస్మవ్వ. "ఎవ్వలు పెట్టుమన్లే. నీ తోటి మాట్లాడకపోయింది కోపంతోని గాదు. మాట్లాడితే నా డబ్బ గురించి నేనే చెప్పుకోవాలె. అందుకు నోరు రాలే."

ఓదెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. రెండు చేతులూ పొక్కి గరుకుగా ఉన్నాయి.

"మళ్ల గట్లనే అయితే ఏం చేస్తవే?" అని అడిగింది ఓదెమ్మ.

లస్మవ్వ ఏడుస్తూనే తల పైకెత్తింది.

"మళ్ల గూడ కిందనే పెడ్త. నా మొగడు గూడ గదే చెప్పేటోడు. ఆ పిల్లకు జాగ ఇచ్చి లేచి వచ్చినోడు గదా." కొంగుతో మొహం తుడుచుకుని, మూల ఉన్న చాప తెచ్చి నేల మీద పరిచింది. "పండుకో కొంచెం సేపు. నీ కండ్లు చూస్తాంటే నిద్రపోయి నెల దాటినట్టుంది. నేను కూసుంట."

ఓదెమ్మ పడుకుంది. పక్కింటి మీద పెంకులు పరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. లస్మవ్వ అరచేయి ఆమె నుదుటి మీద ఆనింది.